నీమోకి ముందు నీళ్లు
బడిలో తొలి ఉప్పునీటి తొట్టికి ఏం కొనాలి, ఏం మానాలి

గప్పీలు, గోల్డ్ ఫిష్‌లు ఉన్న తొట్టి చాలా బడుల్లో ఉంటుంది. పిల్లలు దాని ముందు నిలబడి అడిగేది మాత్రం నీమోని. నారింజ రంగు మీద తెల్ల పట్టీల ఆ క్లౌన్ చేప సముద్రంలోది. దానికి ఉప్పునీటి తొట్టి కావాలి. చెన్నైలోని మా తెలుగు బడిలో పూర్వ విద్యార్థులు ఇచ్చిన డబ్బుతో అలాంటి తొట్టి పెట్టి, తొమ్మిదో తరగతి పిల్లలతో నడిపిస్తున్నాం. ‘మేమూ పెడదామనుకుంటున్నాం, ఏమేం కొనాలి?’ అని బెంగళూరు, బరంపురం, ముంబయి, యానాం ఉపాధ్యాయులు అడుగుతున్నారు. వారికోసం ఇది.

దుకాణంలో చూపించే సామాను చూస్తే తల తిరుగుతుంది. మేము పెట్టుకున్న కొలబద్ద ఒక్కటే. సముద్రంలో నీటి ఉప్పదనం, వేడి రోజుల తరబడి పెద్దగా మారవు. తొట్టిలో నీళ్లు పూటపూటకీ మారిపోతాయి. ఆ మార్పును కొలిచేదో, ఆపేదో అయితే కొనాలి. కానిది ఏదైనా తర్వాత చూసుకోవచ్చు.

చిన్నది చవక కాదు

చిన్న తొట్టితో మొదలుపెడదాం అనుకోవడం సహజం. ఉప్పునీటి విషయంలో అది తలకిందులు. నీళ్లు ఎంత తక్కువుంటే అంత త్వరగా చెడతాయి. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టి అంచుదాకా నింపితే సుమారు 127 లీటర్లు. పైన ఖాళీ, లోపలి రాళ్లు పోను 110 లీటర్లు అనుకోండి. కొత్తవాళ్లు దీనికి తగ్గకపోవడం మంచిది. గాజు 8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అన్నీ కలిపి బరువు 150 కిలోలు దాటుతుంది కాబట్టి పాత బెంచీ మీద పెట్టవద్దు. ఇనుప స్టాండు చేయించి, ఉప్పుకు తుప్పు పట్టకుండా రంగు వేయించాలి. కిటికీ పక్కన పెడితే ఎండకు నీళ్లు కాగుతాయి, పాచి పడుతుంది.

ఒక చుక్క చెప్పే లెక్క

తొట్టి తర్వాత మా మొదటి కొనుగోలు రిఫ్రాక్టోమీటర్. చేతిలో పట్టే చిన్న గొట్టం. గాజు పలక మీద ఒక చుక్క నీళ్లు వేసి వెలుతురు వైపు పెట్టి చూస్తే, నీలం, తెలుపు కలిసే గీత దగ్గర లవణీయత కనిపిస్తుంది. సముద్రపు నీటిది వెయ్యికి సుమారు 35, అంటే కిలో నీటిలో 35 గ్రాముల లవణాలు. ఇంతకన్నా చవకగా, ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్ దొరుకుతుంది. ముల్లుకు గాలి బుడగ అంటుకుంటే అది తప్పు అంకె చూపిస్తుంది. ఈ ఒక్క చోట పొదుపు చేయవద్దు. కాంతి వక్రీభవనం పాఠానికి మేము ఈ పరికరాన్నే తీసుకెళతాం.

వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్ర లవణాల్లో సోడియం, క్లోరైడ్ కలిపి దాదాపు 85 శాతం. మిగతా భాగంలో ఉన్న మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేట్ లేకపోతే అది సముద్రపు నీరు కాదు. అక్వేరియం కోసమే అమ్మే సముద్రపు ఉప్పు కొనాలి. 110 లీటర్లకు నాలుగు కిలోలు, ఆపైన కొంచెం పడుతుంది. కలపడానికి ఆర్‌ఓ నీళ్లు వాడండి. బోరు నీళ్లలో ఏముందో తెలియదు, కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. కొనేటప్పుడు మా పిల్లలకో సంతోషం దక్కింది. కొళత్తూరు చేపల అంగళ్లలో వాళ్లు తమిళంలో బేరమాడారు కానీ, ‘ఉప్పు’ మాత్రం అక్కడా ఉప్పే. బెంగళూరువాళ్లకీ అంతే. బరంపురంలో ‘లుణ’ అనీ, ముంబయిలో ‘మీఠ్’ అనీ అడగాల్సి ఉంటుంది.

సముద్రం దగ్గరే కదా, అక్కడి నీళ్లే తెస్తే పోదా అని యానాం నుంచి అడిగారు. గౌతమి నీళ్లు కలిసే చోట ఉప్పదనం తక్కువ, వరద కాలంలో మరీ తక్కువ. నగరాల ఒడ్డున మురుగు భయం. తెచ్చి కొలిచి చూడడం మంచి ప్రయోగమే కానీ, చేపల్ని అందులో వేయొద్దు.

రోజూ చేయాల్సిన పని ఒకటుంది. నీరు ఇగురుతుంది, ఉప్పు ఇగరదు. 110 లీటర్లలో పది లీటర్లు ఇగిరితే 35 కాస్తా 38.5 అవుతుంది. అందుకే తగ్గిన మేరకు మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. గాజు మీద గీత గీసి ‘ఇక్కడిదాకా’ అని రాశాం. పిల్లలు ఉదయం ప్రార్థనకు ముందే పోసేస్తారు.

కనిపించని సేవకులు

చేపల వ్యర్థం, మిగిలిన మేత అమ్మోనియాగా మారుతుంది. దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, మరో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషాలు. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దాకా ఉంటుంది కాబట్టి అమ్మోనియా ఇక్కడ ఇంకా ప్రమాదం. ఈ బాక్టీరియా స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. అన్నాళ్లూ చేపలు లేని తొట్టిలో చిటికెడు మేత వేస్తూ, అమ్మోనియా, నైట్రైట్ పరీక్షల కిట్‌తో కొలవాలి. రెండూ పెరిగి, మళ్లీ సున్నాకు దిగాకే చేప. ఆ గ్రాఫు మా పిల్లలు గోడకు అంటించారు. ఖాళీ నీళ్ల తొట్టిని నెలన్నర చూపిస్తే పెద్దలు నవ్వుతారు, పట్టించుకోవద్దు.

బాక్టీరియా నివాసానికి గుల్లరాళ్లు కావాలి. ‘లైవ్ రాక్’ అని అమ్మజూపితే ఆగండి. అది చాలావరకు పగడపు దిబ్బల రాయి. 2001లో పగడాలను, సముద్రపు గుర్రాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాలో చేర్చారు. వాటిని తీయడం, అమ్మడం నేరం. తయారుచేసిన సెరామిక్ రాళ్లు సరిపోతాయి. అడుగున ఇసుక లేకపోయినా ఇబ్బంది లేదు, శుభ్రం చేయడం తేలిక.

ప్రొటీన్ స్కిమ్మర్ ఖరీదైనదే కానీ కొనవలసినదే. సన్నని గాలి బుడగలకు నీటిలోని జిగురు మలినం అంటుకుని నురుగుగా పైకి వచ్చి గిన్నెలో పడుతుంది. అలలు ఒడ్డుకు తెచ్చే నురుగు లాంటిదే. కుళ్లి అమ్మోనియా కాకముందే మలినం బయటికి పోతుంది. నీరు కదలడానికి గంటకు వెయ్యి లీటర్లు తోసే చిన్న వేవ్‌మేకర్ ఒకటి చాలు.

వేడి, కరెంటు

పుస్తకాలు హీటర్ కొనమంటాయి. చలికాలపు రాత్రులుండే బెంగళూరుకు అది కావాలి. చెన్నైలో మా పోరాటం మే నెలతో. నీరు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. వేడి పెరిగేకొద్దీ నీటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. చిల్లర్ ధర తొట్టి ధరను మించిపోయింది, మేము కొనలేదు. నీటి మీదుగా వీచేలా చిన్న ఫ్యాన్ పెడితే రెండు డిగ్రీలదాకా తగ్గుతోంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజు అంత తగ్గదు. ఎందుకని పిల్లల్ని అడిగితే బాష్పీభవనం పాఠం దానంతట అదే వస్తుంది. ఫ్యాన్ పెట్టాక మంచినీళ్లు ఎక్కువ పోయాలన్నది మరవకూడదు.

ఉప్పునీరు కరెంటును బాగా మోస్తుంది. బడిలో పిల్లలుంటారు. అందుకే 30 మిల్లీ ఆంపియర్లకే సరఫరా తెంచే ఆర్‌సీసీబీ లేనిదే ప్లగ్గు పెట్టవద్దు. ప్రతి వైరూ ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా ఉండాలి. అప్పుడు జారిన చుక్క నేల మీద పడుతుంది, ప్లగ్గులోకి పోదు. కరెంటు పోతే దానంతటదే ఆడే బ్యాటరీ గాలి పంపు తప్పనిసరి.

లైటు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పగడాలు పెంచడం లేదు కనుక మామూలు ఎల్‌ఈడీ చాలు.

చివరికి చేపలు

మా మొత్తం ఖర్చులో చేపల వాటా పదో వంతు కూడా లేదు. రెండు క్లౌన్ చేపలు, అంతే. సముద్రంలో పట్టినవి కాక, హేచరీలో పుట్టినవే అడగండి. మండపంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన కేంద్రం, పరంగిపేటలోని అణ్ణామలై విశ్వవిద్యాలయ సముద్ర జీవశాస్త్ర కేంద్రం వీటిని పెంచే పద్ధతులు సాధించాయి. నీమో సినిమాలోలా ఇల్లుగా సీ అనిమోన్ అక్కర్లేదు. అది లేకుండానే ఇవి బతుకుతాయి. ఈ చేపలన్నీ మగవిగానే పుడతాయి, జంటలో పెద్దది ఆడదవుతుంది. మా పిల్లలు ఇది ఇంట్లో చెబితే ఎవరూ నమ్మలేదట.

డబ్బు కట్టేముందు తేల్చుకోవలసింది మరొకటుంది, వేసవి సెలవులు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా రోజూ నీళ్లు పోసేదెవరు, రెండు వారాలకోసారి పదో వంతు నీరు మార్చేదెవరు? మా బడి పక్కనే ఉండే ఐదుగురు పిల్లలకు, వాచ్‌మన్ అన్నకు వంతులు వేశాం. ఆఫీసు గోడ మీద తెలుగులో, తమిళంలో వంతుల పట్టిక ఉంది. మీ బడిలో అలాంటి ఐదు పేర్లు దొరక్కపోతే ఈ ఏడాదికి గప్పీలనే ఉంచుకోండి. రిఫ్రాక్టోమీటర్ మాత్రం కొనండి, పాఠాలకు పనికొస్తుంది.