జానెడు వెలుతురు తేడా

2012 ఫిబ్రవరి 7న నికాన్ కంపెనీ డీ800 కెమెరాను ప్రకటించింది. నెల తిరక్కుండానే, మార్చి 2న, కానన్ తన 5డీ మార్క్ 3ని ముందుకు తెచ్చింది. రెండింటి సెన్సర్లూ ఒకే కొలత: 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు. కెమెరా సెన్సర్లను ప్రయోగశాలలో కొలిచి మార్కులు వేసే ఫ్రెంచ్ సంస్థ డీఎక్స్ఓ ఈ రెండింటినీ పరీక్షించి నికాన్‌కు 95, కానన్‌కు 81 ఇచ్చింది. ఫోటోగ్రఫీ ప్రపంచం రెండుగా చీలి ఏళ్ల తరబడి వాదించుకుంది. అయినా పెళ్లిళ్లు తీసేవాళ్లలో, ఆటలు తీసేవాళ్లలో చాలామంది ఆ 81 మార్కుల కెమెరానే భుజాన వేసుకుని తిరిగారు. వాళ్ల ఫోటోలు చూసినవాళ్లలో ఎక్కువమందికి ఏ లోపమూ కనిపించలేదు.

ప్రయోగశాల అబద్ధం చెప్పలేదు. ఫోటోగ్రాఫర్లూ పొరబడలేదు. ఇద్దరి మాటా ఎలా నిజమైందో తెలియాలంటే సెన్సర్ పుట్టుక దగ్గరికి వెళ్లాలి.

అది ఫోటోల కోసం పుట్టలేదు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని మర్రే హిల్‌లో బెల్ ల్యాబ్స్ పరిశోధనశాల ఉండేది. కొత్త రకం మెమరీ కావాలని అక్కడ పైనుంచి ఒత్తిడి వస్తున్న రోజులవి. 1969 అక్టోబర్ 17న విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కలిసి కూర్చుని గంటసేపట్లో ఒక పరికరం బొమ్మ గీశారు. సిలికాన్ మీద గడులు కట్టి, ప్రతి గడిలో కొన్ని ఎలక్ట్రాన్లను నిలిపి, వోల్టేజీ మారుస్తూ వాటిని పక్క గడిలోకి, అక్కడి నుంచి ఆ పక్క గడిలోకి జరుపుతూ చివరన లెక్కపెట్టడం దాని పని. దానికి సీసీడీ అని పేరు పెట్టారు. సిలికాన్‌పై కాంతి పడితే ఎలక్ట్రాన్లు విడివడతాయి. అంటే ఆ గడులను కాంతితోనే నింపవచ్చు. ఎక్కడ ఎంత వెలుతురు పడిందో అక్కడ అన్ని ఎలక్ట్రాన్లు చేరతాయి, గడులన్నీ కలిస్తే బొమ్మ అవుతుంది. ఈ ఆలోచనను నిజమైన ఇమేజ్ సెన్సర్‌గా మలిచింది అదే ల్యాబ్‌లో పనిచేసిన మైకేల్ టాంప్సెట్. 2009లో బాయిల్, స్మిత్‌లకు నోబెల్ వచ్చింది కానీ అందులో టాంప్సెట్ పేరు లేదు. సెన్సర్ కథ చదివిన ప్రతిసారీ నన్ను బాధపెట్టే చోటు ఇదే. 2017లో బ్రిటన్ ఇచ్చే క్వీన్ ఎలిజబెత్ ఇంజనీరింగ్ బహుమతిలో ఆయనకు చోటు దక్కింది.

1975లో రోచెస్టర్ నగరంలో కొడాక్ ఇంజనీరు స్టీవ్ సాసన్ ఒక సీసీడీని తీసుకుని తొలి డిజిటల్ కెమెరా కట్టాడు. అడ్డంగా వంద, నిలువుగా వంద, మొత్తం పదివేల గడులు. నలుపు తెలుపు బొమ్మ. ఒక్క ఫోటో క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. అదే కంపెనీలో బ్రైస్ బేయర్ ఆ గడుల మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగు గాజులను ఎలా పేర్చాలో తేల్చాడు. ప్రతి నాలుగింటిలో రెండు ఆకుపచ్చవి, ఎందుకంటే మన కన్ను వివరాన్ని ఎక్కువగా ఆ రంగులోనే పట్టుకుంటుంది. 1980లో జపాన్‌లోని ఎన్ఈసీ కంపెనీలో నోబుకాజు తెరానిషి గడి నిర్మాణాన్నే మార్చి, ఒక బొమ్మ తాలూకు ఎలక్ట్రాన్లు మరుసటి బొమ్మలో మిగిలిపోయే జబ్బును కుదిర్చాడు. 1990ల మొదట్లో, అంతరిక్ష నౌకల్లో పంపే కెమెరాలను చిన్నవి, తేలికైనవి చేయాలన్న నాసా అవసరం కోసం కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో ఎరిక్ ఫోసమ్ బృందం మరో దారి పట్టింది. ఎలక్ట్రాన్లను గడి నుంచి గడికి మోయడం మానేసి ప్రతి గడిలోనే చిన్న యాంప్లిఫయర్ పెట్టారు. అదే సీమాస్ సెన్సర్. ఇవాళ మన జేబులో ఫోన్లన్నింటి కళ్లూ అవే.

సాసన్ కెమెరా తర్వాతి ముప్ఫై ఏళ్లలో సెన్సర్ వేసిన ప్రతి అడుగూ ఎవరి కంటికైనా కనిపించేది. పదివేల గడుల నుంచి లక్షలకు, లక్షల నుంచి కోట్లకు చేరాం. కొత్త కెమెరా కొంటే కొత్త లోకం తెరుచుకునేది. సెన్సర్ మార్కులంటే మనకున్న భక్తి ఆ కాలంలోనే పుట్టింది. దానికి తగ్గ కారణమూ అప్పుడు ఉండేది.

ఆ తర్వాత పరిస్థితి మారింది. ఎందుకు మారిందో చెప్పాలంటే చీకటి ఫోటోల్లో కనిపించే చుక్కల గురించి, అదే గ్రెయిన్స్ గురించి మాట్లాడాలి. అవి సెన్సర్ చేతకానితనం వల్ల వస్తాయని చాలామంది అనుకుంటారు. నిజానికి వాటిలో అధికభాగం కాంతిలోనే ఉంది. వాన మొదలైనప్పుడు వాకిట్లో పరిచిన బండల్ని చూడండి. అన్నీ ఒకే కొలత, వానా అన్నిటికీ ఒకటే, అయినా మొదటి నిమిషంలో ఒక బండ మీద ఏడు చినుకులు పడితే పక్కదాని మీద పదకొండు పడతాయి. కాంతి కణాలైన ఫోటాన్లు కూడా అలాగే, లెక్క తప్పుతూ వస్తాయి. ఆ తప్పు ఎంతన్నది గణితం చెబుతుంది: వచ్చిన సంఖ్యకు వర్గమూలం. ఒక గడిలో పదివేల ఫోటాన్లు పడితే ఊగిసలాట వంద, అంటే నూటికి ఒకటి, కంటికి ఆనదు. వందే పడితే ఊగిసలాట పది, నూటికి పది. నీడలో ఉన్న చెంప మీద చుక్కలు తేలేది ఇందుకే. ఎంత గొప్ప కంపెనీ అయినా, ఎంత గొప్ప ఇంజనీరైనా ఈ వర్గమూలాన్ని తీసేయలేరు. ఇంకొన్ని ఎక్కువ ఫోటాన్లను పట్టుకోవడం ఒక్కటే వాళ్ల చేతిలో ఉంది.

ఆ పట్టుకోవడంలోనూ హద్దు దగ్గరపడింది. 2009లో సోనీ సెన్సర్‌ను వెనక్కి తిప్పింది. అప్పటిదాకా కాంతికి అడ్డంగా ఉన్న తీగలు గడి వెనక్కి పోయాయి. మరుసటి ఏడాది ఐఫోన్ 4లో అలాంటి సెన్సర్ వచ్చింది. 2015లో సోనీ ఏ7ఆర్ 2తో 36 × 24 మిల్లీమీటర్ల పెద్ద సెన్సర్లకూ ఆ పద్ధతి చేరింది. ఇప్పుడు ఒక సెన్సర్ తనమీద పడిన ఫోటాన్లలో నూటికి 60 పట్టుకుంటోందనుకుందాం. అది ఎలాగో నూటికి నూరూ పట్టుకోగలిగినా, వచ్చే లాభం ఒక స్టాప్‌కు తక్కువే. స్టాప్ అంటే కాంతి రెట్టింపు కావడం. ఈ రంగంలో మిగిలిన మెట్టు అంతకంటే ఎత్తు లేదు. ఒక ఏడాది మోడల్‌కూ మరుసటి ఏడాది మోడల్‌కూ తేడాలు సన్నబడటంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు 2012 తగవుకి వద్దాం. డీఎక్స్ఓ మార్కుల్లో మూడు కొలతలు కలిసి ఉంటాయి. ఈ తగవుకు కావలసినవి రెండు. మొదటిది తక్కువ వెలుతురులో పనితనం. అందులో నికాన్ 2853, కానన్ 2293. భాగిస్తే తేడా స్టాప్‌లో మూడో వంతు. కెమెరా డయల్ మీద అది ఒక్క క్లిక్: షట్టర్ స్పీడు 1/125 ఉన్నది 1/100 అవుతుంది. ఇంకోలా లెక్కేస్తే, మనిషికి రెండు మీటర్ల దూరంలో ఉన్న బల్బును ఒక జానెడు దగ్గరికి జరిపితే మొహం మీద అంతే వెలుతురు పెరుగుతుంది. అర్ధరాత్రి ముహూర్తానికి జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో పెళ్లికూతురు తల కొంచెం దీపం వైపు తిప్పితే చాలు, రెండు కెమెరాల మధ్య దూరం చెరిగిపోతుంది. రోజువారీ ఫోటోల్లో చిన్న తేడా లెక్కలోకి వస్తుందా అని అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు ఆ జానెడే.

రెండో కొలత దగ్గర కథ వేరు. దాని పేరు డైనమిక్ రేంజ్. అతి వెలుగునూ, అతి నీడనూ ఒకే ఫోటోలో పట్టగల శక్తి అది. అక్కడ నికాన్‌కు 14.4 స్టాప్‌లు, కానన్‌కు 11.7. ఇది చిన్న తేడా కాదు, ఆరు రెట్ల పైచిలుకు. కారణం ఫోటాన్లలో లేదు, ఎలక్ట్రాన్లను లెక్కపెట్టే తీరులో ఉంది. 2007లో సోనీ ఎక్స్‌మోర్ అనే సెన్సర్ తెచ్చి, గడుల ప్రతి నిలువు వరుసకూ ఒక లెక్క యంత్రాన్ని సెన్సర్ మీదే అమర్చింది. వేలకొద్దీ యంత్రాలు నింపాదిగా లెక్కపెడతాయి కాబట్టి తప్పులు తక్కువ. డీ800లో ఉన్నది ఆ వంశపు సెన్సరే. కానన్ అప్పటికి సంకేతాన్ని సెన్సర్ బయటికి లాగి, కొద్దిపాటి యంత్రాలతో వేగంగా లెక్కించేది. ఆ దారిలో రొద కలిసిపోయేది. ఐఎస్ఓ (సంకేతాన్ని కెమెరా ఎంత పెంచాలో చెప్పే అంకె) 100 దగ్గర కానన్ గడిలో లెక్కింపు తప్పు 30 ఎలక్ట్రాన్లకు పైన ఉంటే, నికాన్‌లో 5కు అటూ ఇటూ.

ఈ తేడా ఎప్పుడు బయటపడుతుంది? మిట్టమధ్యాహ్నం ఎండలో తెల్ల పట్టుపంచె, పందిరి నీడలో దాని పక్కనే నల్లటి జుట్టు. పంచె జరీ మాడిపోకుండా ఎక్స్‌పోజర్ తగ్గించి తీసి, తర్వాత కంప్యూటర్‌లో నీడల్ని నాలుగు స్టాప్‌లు పైకి లేపితే, కానన్ ఫోటోలో చుక్కలే కాదు, చారలు కూడా తేలేవి. నికాన్‌లో జుట్టు పోగులు కనిపించేవి. కొండల వెనక సూర్యోదయం తీసేవాళ్లకు, పాలపుంత తీసేవాళ్లకు నీడల శుభ్రత అక్కరకొచ్చే గుణమే. వాళ్లు నికాన్ వైపు వెళ్లడం న్యాయం.

ఐఎస్ఓను 1600కో 3200కో పెంచితే మాత్రం బయటికి వెళ్లే ముందే సంకేతం పెద్దదవుతుంది. దారిలో కలిసే రొద దాని ముందు ఆనదు. అక్కడ రెండు కెమెరాల గీతలూ దాదాపు కలిసిపోతాయి. పెళ్లి ముహూర్తాలు, రాత్రి ఆటలు, నాటకాలు తీసేవాళ్ల జీవితమంతా ఆ ఐఎస్ఓల్లోనే గడుస్తుంది. వాళ్లకు ఆ 14 మార్కుల్లో పెద్ద భాగం ఎన్నడూ చేతికి రాని ఆస్తి. దానికి బదులు కానన్ సెకనుకు 6 ఫోటోలు తీసేది, నికాన్ 4. తలంబ్రాలు గాల్లో ఉన్నప్పుడు ఆ రెండు ఫోటోల విలువ ఎంతో తీసేవాళ్లకే తెలుసు. కానన్ కూడా 2016లో లెక్క యంత్రాలను సెన్సర్ మీదికి మార్చింది. 5డీ మార్క్ 4 డైనమిక్ రేంజ్ 13.6కు చేరడంతో ఆ తగవు సద్దుమణిగింది.

మరి కంటికి నిజంగా కనిపించే తేడా ఎక్కడుంది? మొదట సెన్సర్ విస్తీర్ణంలో. 36 × 24 మిల్లీమీటర్ల సెన్సర్ వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు. మధ్యతరగతి కెమెరాల్లో ఉండే ఏపీఎస్-సీ సెన్సర్‌ది సుమారు 366. ఒకే అపర్చర్, ఒకే షట్టర్ స్పీడు దగ్గర పెద్దది రెండు రెట్ల పైన కాంతిని పోగేస్తుంది. అంతకంటే ఎక్కువగా లెన్సులో. కెమెరాతో పాటు పెట్టెలో వచ్చే కిట్ లెన్సుకు జూమ్ చివర అపర్చర్ ఎఫ్/5.6. 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్సు దాదాపు పది రెట్లు కాంతిని లోపలికి పంపుతుంది, మూడు స్టాప్‌ల పైమాటే. రెండు మోడళ్ల మధ్య ఉన్న మూడో వంతు స్టాప్ కోసం కొత్త బాడీకి వేలకు వేలు పోసే కుర్రాళ్లను చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. అందులో చిన్న భాగంతో ఆ ఎఫ్/1.8 లెన్సు వస్తుంది.

మెగాపిక్సెళ్లదీ ఇదే లెక్క. 24 మెగాపిక్సెళ్ల నుంచి 26కు పోతే అడ్డంగా పెరిగే వివరం నూటికి నాలుగు. పెళ్లి ఆల్బమ్‌లో 12 × 18 అంగుళాల పేజీని అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేయడానికి 19.4 మెగాపిక్సెళ్లు సరిపోతాయి. 4కే టీవీ తెర మొత్తానికీ కావలసినవి 8.3 మాత్రమే. చేయి కొంచెం వణికితే చెదిరిపోయే వివరం ఆ నాలుగు శాతం కన్నా ఎంతో ఎక్కువ.

సెన్సర్‌ను మార్చకుండానే ఫోటోను ఎంత మార్చవచ్చో ఫోన్లు చూపించాయి. గూగుల్ తన పిక్సెల్ 3 నుంచి పిక్సెల్ 5 దాకా ప్రధాన కెమెరాకు ఒకే సెన్సర్‌ను, సోనీ ఐఎమ్ఎక్స్ 363ను వాడింది. ఆ కాలంలోనే ఆ ఫోన్లు రాత్రి ఫోటోలతో పేరు తెచ్చుకున్నాయి. మీట నొక్కితే ఒక్క ఫోటో కాకుండా వరసగా ఎన్నో తీసి, చేతి వణుకును సరిచూసి, ఒకదానిపై ఒకటి కలుపుతారు. తొమ్మిది ఫోటోలు కలిపితే ఫోటాన్లు తొమ్మిది రెట్లు, చుక్కలు మూడో వంతు. మళ్లీ అదే వర్గమూలం. కదిలే పిల్లల దగ్గర ఈ ఉపాయం తడబడుతుంది. అక్కడ పెద్ద సెన్సర్, వెడల్పుగా తెరుచుకునే లెన్సులదే పైచేయి.

2023 నవంబర్‌లో సోనీ ఏ9 3 అనే కెమెరాను ప్రకటించింది. అందులోని సెన్సర్ వరుస తర్వాత వరుసగా కాకుండా గడులన్నింటినీ ఒకే క్షణంలో చదువుతుంది. దానికోసం ప్రతి గడిలో కొంత చోటు, కొంత శుభ్రత వదులుకోవలసి వచ్చింది. దాని ఐఎస్ఓ 250 దగ్గర మొదలవుతుంది, డైనమిక్ రేంజ్ కొలతలో తనకన్నా చౌకైన కెమెరాల వెనక నిలుస్తుంది. ఏళ్లపాటు అర స్టాప్ కోసం, పావు స్టాప్ కోసం పోరాడిన కంపెనీ తానే ముందుకొచ్చి ఆ అంకెను వదులుకుంది. బదులుగా సెకనుకు 120 ఫోటోలు వస్తాయి. ఊపుతున్న బ్యాటు వంగినట్టు పడదు. ఫంక్షన్ హాళ్లలో ఎల్ఈడీ దీపాలు మన కంటికి తెలియకుండా ఆరి వెలుగుతుంటాయి కాబట్టి వరుసలవారీగా చదివే సెన్సర్లలో సైలెంట్ షట్టర్‌తో తీసిన ఫోటోల్లో అడ్డంగా నల్ల చారలు పడతాయి. ఫోటో మొత్తం ఒకే క్షణంలో నమోదయ్యే ఈ సెన్సర్‌లో ఆ చారలకు చోటు లేదు.