ఉన్ని పెరుగు విధము

నూజివీడు సీమలో మామిడికోతలు ముగిసిన పిదప కొన్ని తోటలలో గొఱ్ఱెల మందలు దిగును. తోట యజమానులు ఎరువు కొఱకు రాత్రులందు మంద కట్టించుకొందురు. చెట్లనీడను నిలిచిన ఆ గొఱ్ఱెలను నిమిరి చూచిన పట్టణపు బాలునకు ఆశ్చర్యము కలుగును. వాని మేన ఉన్ని లేదు! మేకకు వలె పొట్టి వెంట్రుకలే యున్నవి.

ఇవి నెల్లూరు జాతివి. తెల్లనిదానిని పల్ల యనియు, ముఖమున నల్లమచ్చలు గలదానిని జోడిపి యనియు, ఎఱ్ఱనిదానిని దొర యనియు వ్యవహరింతురు. వీనిని మాంసము కొఱకే పెంచుదురు. తెలంగాణమునందలి దక్కని గొఱ్ఱెకు మాత్రము నల్లని ముతక ఉన్ని కలదు. కురుమలు దానిని కత్తిరించి, వడకి, గొంగళ్లు నేయుదురు. నెల్లూరు గొఱ్ఱెకు ఎంత మంచి మేత పెట్టినను గొంగళికి చాలు ఉన్ని రాదు. ఏల?

ఉన్ని చర్మములోని రోమకూపములనుండి పుట్టును. మొదట ప్రధానకూపములును, వాని ప్రక్కన ఉపకూపములును ఏర్పడును. ఉపకూపములు దట్టముగ నున్నచో ఉన్ని సన్ననిదై, ఒత్తుగ పెరుగును. మెరినో గొఱ్ఱెకు ఒక్క ప్రధానకూపమునకు ఇంచుమించు 20 ఉపకూపము లుండును. వెంట్రుకజాతులకు చాల తక్కువ. ఈ లెక్క జాతిని బట్టి తల్లికడుపులోనే చాలవఱకు తేలిపోవును. చూలుగొఱ్ఱెకు చివరి నెలలలో మేత చాలనిచో పిల్లకు కొన్ని ఉపకూపములు పక్వము చెందవు. పాపము, తల్లి పస్తును పిల్ల జీవితమంతయు మోయవలసివచ్చును.

ఉన్ని కెరాటిన్ అను మాంసకృత్తు. దానిలో గంధకము హెచ్చు. మేతలోని మంచి మాంసకృత్తులను మొదటి జీర్ణాశయమునందలి సూక్ష్మజీవులే చాలవఱకు విడగొట్టివేయును. 1963లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు రెయిస్, షింకెల్ అనువారు గంధకము గల అమినో ఆమ్లములను తిన్నగా నాల్గవ జీర్ణాశయములోనికి పంపి చూచిరి. ఉన్ని మిక్కిలి హెచ్చుగ పెరిగెను.

మేత యున్నంతమాత్రమున చాలదు. హార్మోనుల యాజ్ఞయు వలయును. కంఠమునందలి థైరాయిడ్ గ్రంథిని తొలగించినచో ఉన్ని పెరుగుట మందగించును. థైరాక్సిన్ ఇచ్చినచో మరల కోలుకొనును. తీవ్రమైన జబ్బుచేసినపుడు అధివృక్కగ్రంథినుండి కార్టిసాల్ అధికముగ స్రవించి, ఉన్ని పెరుగుదలను అణచును. అందుచే ఉన్నిపోగు పొడవున ఒకచోట సన్నబడి, లాగినంతనే అచ్చటనే తెగును. కఱవునెలలును అట్టి గుర్తునే విడుచును. నల్లగొఱ్ఱెకు మేతలో రాగి కొఱవడిన కాలమున పెరిగిన ఉన్ని వన్నె తప్పి బూడిదరంగుకు దిగును.

కొంతకాలముగ దక్కని మందలలో మాంసము కొఱకు నెల్లూరు పొట్టేళ్లను కలుపుచున్నారు. ఆ సంకరపు పిల్లల దేహము పెద్దది, ఉన్ని తక్కువ. గొంగళినేతకు వలసిన నల్లయున్నియు ఆ మేరకు తగ్గిపోవుచున్నది.