పాత కారులో కొత్త గేర్‌బాక్సు: ఎం.జి.బి. ఆధారంగా ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
పాతకాలపు కార్లను నేటి రహదారులకు అనువుగా మలచుకొనేందుకు కొందరు యజమానులు ఐదు గేర్ల ఆధునిక గేర్‌బాక్సును అమర్చుకొంటున్నారు. బ్రిటన్‌లో 1962 నుండి 1980 వరకు తయారైన ఎం.జి.బి. కారులో ఫోర్డ్ టైప్-9 గేర్‌బాక్సును అమర్చే విధానాన్ని, అందలి లాభనష్టాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఇటువంటి మార్పు ఎంతవరకు సమ్మతమో తేల్చడానికి, కారును తిరిగి పూర్వస్థితికి తేగలగడమే ప్రమాణమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఎం.జి.బి., గేర్‌బాక్సు, గేర్ నిష్పత్తి, ఓవర్‌డ్రైవ్, పరిరక్షణ.

1. ప్రవేశిక:
ఎం.జి.బి.లోని 1798 సీసీ ఇంజను బి.ఎం.సి. బి-సిరీస్ కుటుంబానికి చెందినది. మన రహదారులపై దశాబ్దాలపాటు తిరిగిన అంబాసిడర్ 1489 సీసీ ఇంజను కూడా ఆ కుటుంబంలోనిదే. ఎం.జి.బి.కి ఉన్నవి నాలుగు గేర్లు. 1967 వరకు వచ్చిన కార్లలో మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు. అందువల్ల బండి కదులుతుండగా మొదటి గేరు వేయబోతే పళ్ళు ఒరుసుకొంటాయి. నాలుగో గేరులో గంటకు 70 మైళ్ళ (సుమారు 112 కి.మీ.) వేగంతో వెళ్తే ఇంజను నిమిషానికి దాదాపు 3,900 సార్లు తిరుగుతుంది. మోటార్‌వేపై గంటల తరబడి సాగే ప్రయాణంలో ఆ హోరు, ఇంధన వ్యయం భారమవుతాయి.

2. నిష్పత్తుల లెక్క:
టైప్-9 గేర్‌బాక్సు 1980లలో ఫోర్డ్ సియెర్రా వంటి కార్లలో వచ్చింది. దీని ఐదో గేరు నిష్పత్తి 0.82. కనుక అదే వేగం వద్ద ఇంజను సుమారు 3,200 సార్లు తిరిగితే చాలు. ముందుకు నడిపే గేర్లన్నింటికీ సింక్రోమెష్ ఉంది.

అయితే కొత్తది ప్రతి అంశంలోనూ మేలైనది కాదు. 1967 తరువాతి ఎం.జి.బి.లో మొదటి, రెండవ గేర్ల నిష్పత్తులు 3.44, 2.17 కాగా, టైప్-9లో అవి 3.65, 1.97. రెండింటి మధ్య అంతరం పెరగడం వల్ల గేరు మార్చినప్పుడు ఇంజను వేగం ఎక్కువగా పడిపోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఈ లోపం స్పష్టంగా తెలుస్తుంది.

3. అమరిక:
ఇంజను ఒక సంస్థది, గేర్‌బాక్సు మరొక సంస్థది. రెండింటినీ కలపడానికి ప్రత్యేకమైన బెల్ హౌసింగ్ అవసరం. క్రాంక్‌షాఫ్టు, గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు ఒకే అక్షంపై ఉండాలి. కొద్దిపాటి తేడా ఉన్నా బేరింగులు త్వరగా అరిగిపోతాయి. క్లచ్ ప్లేటు లోపలి పళ్ళు కొత్త షాఫ్టుకు సరిపోవాలి. ప్రొపెల్లర్ షాఫ్టు పొడవును, గేర్‌బాక్సును మోసే ఆధారాన్ని, స్పీడోమీటరు కేబులును సరిచూడాలి. నూనె విషయంలోనూ జాగ్రత్త అవసరం: ఎం.జి.బి. పాత గేర్‌బాక్సులో ఇంజనాయిలే పోస్తారు. టైప్-9కు గేరాయిల్ కావాలి.

4. పరిరక్షణ దృష్టి:
ఎం.జి.బి.కి ఆ కాలంలోనే లేకాక్ ఓవర్‌డ్రైవ్ ఐచ్ఛికంగా లభించేది. తరువాతి కార్లలో దాని నిష్పత్తి కూడా 0.82. అంటే, హోరు తగ్గించడమే లక్ష్యమైతే కారు కాలానికి చెందిన పరిష్కారమే అందుబాటులో ఉంది. మంచి ఓవర్‌డ్రైవ్ దొరకనప్పుడు, లేదా పాత గేర్‌బాక్సు బాగుచేయరానంతగా అరిగిపోయినప్పుడు టైప్-9 వైపు మొగ్గడం సమంజసం.

తాళపత్ర ప్రతిని పరిష్కరించే పండితుడు తనకు తోచిన పాఠాన్ని పైన నిలిపినా, మూలపాఠాన్ని చెరిపివేయడు, అధోజ్ఞాపికలో భద్రపరుస్తాడు. ఇక్కడా అదే న్యాయం వర్తిస్తుంది. కారు అడుగుభాగాన్ని కోయకుండా బోల్టులతోనే అమర్చి, తీసిన గేర్‌బాక్సును దాచి, చేసిన మార్పులను రాసిపెడితే రేపటి యజమాని మూలరూపాన్ని పునరుద్ధరించగలడు. లోహాన్ని కోసివేస్తే ఆ అవకాశం తరువాతి తరానికి ఉండదు.

5. ముగింపు:
గేర్‌బాక్సు మార్పిడి కారును వాడుకలో నిలుపుతుంది. నడవక షెడ్డులో తుప్పుపట్టే కారు కంటే మార్పుతో నడిచే కారు మేలు. కానీ ఆ మార్పు మూలరూపానికి తిరుగుదారిని మూసివేయకూడదు. ఏ భాగం అమర్చాలో నిర్ణయించడానికి ముందే, దానిని ఎలా తీయగలమో ఆలోచించడం అవసరం.