మీకు తెలుసా? అన్నమయ్య సంకెళ్లు

2022లో రాయచోటి కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు పేరిచ్చిన పదకవి అన్నమయ్య ఒకప్పుడు చెరలో పడ్డాడట!

వేంకటేశ్వరస్వామి మీద పాడినట్టే తన మీదా పాడమన్నాడు రాజు సాళువ నరసింగరాయలు. అన్నమయ్య చెవులు మూసుకున్నాడు. రాజుకు కోపమొచ్చి ‘మూరురాయర గండ’ అనే సంకెల వేయించాడు. వేంకటేశ్వరుణ్ణి వేడుకుంటూ పాడితే అది ఊడిపడిందట. రాజు నమ్మక, తన ఎదుటే మళ్లీ వేయించాడు, మళ్లీ ఊడింది. ఇది అన్నమయ్య మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన కథ. చరిత్రా, మహిమా అన్నది మీ ఇష్టం.

ఆనాటిదని చెప్పే కీర్తనలో ఆకలి, అలసట, చెర, సంకెళ్లతోపాటు అప్పులవాళ్లు వచ్చి అడ్డుకున్న వేళ కూడా ఉంది. అన్నిటికీ హరినామమే దిక్కంటాడు. కరువుసీమ కవి కదా, అప్పును ఎలా మరుస్తాడు!