వర్షపు పట్టికలోని ఖాళీ గడులు

వర్షమాపకమునందు చేరిన నీటిని మన దేశమున ప్రతిదినము ఉదయము 8 గంటల 30 నిమిషములకు కొలిచి పట్టికలో వ్రాయుదురు. వాన లేనినాడు సున్న వ్రాయవలెను. కొలుచువాడు జ్వరముతో పడియున్ననాడో, పాత్ర పగిలిననాడో ఆ గడి ఖాళీగా నుండిపోవును. సున్న యనగా, చూచితిమి, వాన లేదు అని యర్థము. ఖాళీ యనగా, చూడనే లేదు అని యర్థము. ఈ రెంటిని ఒకటిగా నెంచుటవలన ఎంత చిక్కు వచ్చునో చూడుడు.

ఒక చోట నైరుతి ఋతుపవన కాలమున కురియు సగటు వాన 600 మిల్లీమీటర్లనుకొందము. ఈ యేటి పట్టికలో మొత్తము 450. నాలుగు గడులు ఖాళీ. లోటు నూటికి 25. వాతావరణశాఖవారి లెక్కలో లోటు నూటికి 20 మొదలు 59 వరకు నున్నయెడల అది కొరత వర్షము. 19 మించనిచో సాధారణము. ఆ నాలుగు దినములలో నిజముగా 60 మిల్లీమీటర్లు కురిసియుండినచో మొత్తము 510, లోటు నూటికి 15 మాత్రమే. కరవు నిర్ణయమునకు వర్షపు లోటొక ముఖ్యాధారము గదా!

ఇప్పుడీ పట్టికలను కంప్యూటరులు కూడుచున్నవి. పైథాన్ అను ప్రోగ్రాముల భాషకు పాండాస్ అను సాధనమొకటి కలదు. మొత్తము చెప్పుమన్న, అది ఖాళీలను దాటి, మిగిలినవానిని కూడి, మారుమాటాడక జవాబిచ్చును. ఫలితము సున్న వ్రాసినట్లే యగును. ఇన్ని గడులు నిండియున్నగాని మొత్తము చెప్పవలదని ముందుగా ఆజ్ఞాపింపవచ్చును. ఆజ్ఞాపింపనిచో నేరము యంత్రముది కాదు. కొన్ని పట్టికలలో ఖాళీకి గుర్తుగా ఋణ 999 వ్రాయు వాడుక గలదు. ఆ గుర్తెఱుగని ప్రోగ్రాము దానినిగూడ కూడివేసిన, వాన సున్నకంటె తక్కువ యగును! ఇది కొంత మేలైన తప్పు, చూడగనే పట్టుబడును.

మరి పూరించుటెట్లు? పొరుగు కేంద్రముల నడుగవలెను. తూర్పు కేంద్రపు సగటు 800, ఆనాడచట కురిసినది 40. పడమటి కేంద్రపు సగటు 500, కురిసినది 20. మన సగటు 600 గనుక, తూర్పు లెక్కన మనకు 30, పడమటి లెక్కన 24 రావలెను. ఈ రెంటి సగటు 27. ఊరక 40ని, 20ని కలిపి సగము చేసిన 30 వచ్చును. అది వానపట్టు భేదమును గణింపని లెక్క.

అయితే తుపానులో పాత్రయే కొట్టుకొనిపోయిన మాటేమి? అప్పుడు ఖాళీకి కారణము వానయే. సాధారణ దినముల సగటుతో దానిని నింపుట కుండపోతను చినుకులని వ్రాయుటయే. విలువ లోపించిన కారణమును ఎప్పుడు ఉపేక్షింపవచ్చును, ఎప్పుడు కూడదు అను ప్రశ్ననే డొనాల్డ్ రూబిన్ అను గణాంకశాస్త్రజ్ఞుడు 1976లో ప్రకటించిన వ్యాసమున విచారించెను.

పూరించిన 27 ప్రక్కన, ఇది కొలిచినది కాదని వేరొక గడిలో గుర్తుంచవలెను. లేనిచో పదేండ్లు గడచిన పిమ్మట అది కొలిచిన 27గానే చెలామణి యగును. తుపానునాడు పొరుగు పాత్రలును పోయియున్నయెడల, గడిని ఖాళీగానే విడిచి, ప్రక్కన కారణము వ్రాయుట మేలు.