హెరోకు జీవిత వృత్తాంతము

ప్రోగ్రాము వ్రాయుట యొక పని; వ్రాసిన ప్రోగ్రామును జనులు వాడుకొనునట్లు వెబ్‌లో నిలుపుట మఱియొక పని. ఇరువదియొకటవ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఈ రెండవ పనియే డెవలపరు కాలమును ఎక్కువగా హరించుచుండెను. సర్వరును అద్దెకు దీసికొని, దానిలో లినక్సును నెలకొల్పి, వెబ్ సర్వరును, డేటాబేసును, భాషకు వలసిన లైబ్రరీలను ఒకదానితో నొకటి పొసగునట్లు కూర్చి, అర్ధరాత్రమున అవి నిలిచిపోయినచో లేచి మరల నడిపింపగల వానికే తన రచనను లోకమునకు జూపు యోగ్యత లభించెడిది. 2004లో డేవిడ్ హైనెమైయర్ హాన్సన్ రూబీ భాషలో రైల్స్ అను సాధనమును వెలువరింపగా ఈ వైషమ్యము మఱింత స్ఫుటమయ్యెను; ఏలయన రచన ఎంత సులభమైనను, దానిని వెబ్‌కు ఎక్కించుట మాత్రము మునుపటివలెనే క్లిష్టముగా నుండెను.

2006 ఆగస్టులో అమెజాన్ సంస్థ తన కంప్యూటర్లను గంటకు 10 సెంట్ల అద్దెపై ఇచ్చు ఈసీ2 సేవను ప్రారంభించినది. దానితో యంత్రమును కొనవలసిన అవసరము తీఱినది గాని, దానిని సాకవలసిన శ్రమ తీఱలేదు. ఆ మిగిలిన శ్రమను గూడ తామే వహింపవలెనని సంకల్పించి, 2007లో జేమ్స్ లిండెన్‌బామ్, ఆడమ్ విగిన్స్, ఓరియన్ హెన్రీ అను మువ్వురు అమెరికాలో హెరోకును స్థాపించి, అమెజాన్ అద్దె యంత్రములమీదనే తమ వేదికను నిర్మించిరి. మొదట వారు బ్రౌజరులోనే రైల్స్ ప్రోగ్రామును వ్రాసి అక్కడనే నడుపుకొను ఏర్పాటు చేసిరి. అది వింతగొలుపునదే; కాని చేతికి అలవాటుపడిన ఎడిటరును విడిచి వచ్చు ప్రోగ్రామరు అరుదు. పిమ్మట ఆ మార్గమును వీడి గిట్‌ను ఆశ్రయించిరి.

హెరోకు ప్రతిభ యంతయు ఈ ఎన్నికలోనే యున్నదని నా దృఢవిశ్వాసము. గిట్ అనునది లినక్సు కెర్నల్‌లోని మార్పులను నమోదు చేసికొనుటకై 2005లో లైనస్ టోర్వాల్డ్స్ నిర్మించిన సాధనము. సర్వరు నిర్వహణ దాని పని కాదు. అయినను, ప్రోగ్రామరు దినమునకు పలుమాఱులు టైపు చేయు ఆజ్ఞ దానిదే కనుక, ఆ ఆజ్ఞకే క్రొత్త శక్తిని కల్పించిరి. ‘గిట్ పుష్ హెరోకు మాస్టర్’ అని కొట్టి ఎంటర్ నొక్కినంతనే, అవతలి యంత్రము వచ్చిన ఫైళ్లను పరిశీలించి, జెమ్‌ఫైల్ కనబడినచో రూబీ అనియు, తరువాతి కాలమున రిక్వైర్‌మెంట్స్ ఫైలు కనబడినచో పైథాన్ అనియు తనంతట తానే గ్రహించి, వలసిన లైబ్రరీలను రప్పించి, సమస్తమును ఒక్క మూటగా గట్టి, డైనో అను చిన్న లినక్సు ఆవరణములో దానిని నడిపించెడిది. ఈ లోపల టెర్మినల్‌పై, వరుసగా కొన్ని గీతలును చివర నొక బాణపు మొనయు ముందుంచుకొని ఒక్కొక్క పంక్తియే దిగుచుండును. తుదిని, ఎన్నడును వినని రెండు ఆంగ్లపదములును ఒక సంఖ్యయు కలిసిన పేరుతో ఒక చిరునామా ప్రత్యక్షమయ్యెడిది. దానిని బ్రౌజరులో తెఱచి, క్షణము క్రితము వఱకు తన బల్లపైని కంప్యూటరులో మాత్రమే బ్రదికిన పుట ఎచ్చటనుండియైనను దర్శనీయమైనదని తెలిసికొన్న డెవలపరు ఆనందము, ఆ పని పూర్వము ఎంత దుష్కరమో ఎఱిగిన వారికే పూర్తిగా బోధపడును.

అయితే ఈ సౌకర్యము ఒక కఠిన నియమముపై ఆధారపడినది. డైనోలోని డిస్కు అశాశ్వతము. డైనో దినమున కొక్కసారియైనను పునఃప్రారంభమగును. అప్పుడు ప్రోగ్రాము తనలో వ్రాసికొన్న ఫైళ్లన్నియు మాయమగును. ఎక్కించిన ఫొటోలు మఱునాడు కనబడక విస్తుపోవని క్రొత్తవారు అరుదు. శాశ్వతమైన దెల్ల పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేసులోనో, అమెజాన్ ఎస్3 వంటి నిల్వలోనో ఉండవలెను. రహస్యపదములు కోడులో గాక పరిసరచరములలో నుండవలెను. ఏ డైనోకును స్వంత జ్ఞాపకము లేదు కనుకనే, రద్దీ పెరిగినప్పుడు ఒక డైనోను పదింటిగా చేయుటకు ఒక్క ఆజ్ఞ చాలును. రౌటరు వచ్చిన కోరికలను వానికి పంచిపెట్టును. 2011 ప్రాంతమున ఆడమ్ విగిన్స్ ఈ అనుభవమునంతటిని ‘ట్వెల్వ్ ఫ్యాక్టర్ యాప్’ అను పేర 12 సూత్రములుగా కూర్చెను. హెరోకు లోకమునకు ఇచ్చిన వానిలో దీనినే నేను సర్వోత్తమముగా నెంచుదును. ఏలయన ఆ సూత్రములను పాటించిన ప్రోగ్రాము ఏ వేదికపైనైనను నిలువగలదు.

2010 డిసెంబరులో సేల్స్‌ఫోర్స్ సంస్థ సుమారు 21 కోట్ల డాలర్లకు హెరోకును కొనుటకు ఒప్పందము చేసికొనెను. మఱుసటి యేట రూబీ భాషాస్రష్టయైన యుకిహిరో మత్సుమోతో హెరోకులో చేరెను. ఆ యేడే నోడ్, జావా, పైథాన్ భాషలకును ద్వారము తెఱువబడెను. 2013లో డాట్‌క్లౌడ్ అను మఱియొక వేదికా సంస్థనుండి డాకర్ వెలువడి, హెరోకు కట్టునట్టి మూటలను ఎవరికి వారే కట్టుకొను నేర్పును సర్వులకును అందించెను.

హెరోకు ఉచిత డైనో విద్యార్థులకు తొలి పాఠశాలయై యుండెను. 30 నిమిషములు ఎవరును దర్శింపనిచో అది నిద్రించి, మరల ఎవరైన వచ్చినప్పుడు కొన్ని సెకన్లకు మేల్కొనెడిది. 2022 నవంబరు 28తో ఆ ఉచిత సదుపాయము ముగియగా, ఎందఱో తమ చిన్న ప్రోగ్రాములను రెండర్, రైల్వే, ఫ్లై వంటి వేదికలకు తరలించిరి.

అట్టి క్రొత్త వేదిక యొకటి వెలువడెనని వినినంతనే నాకు నేటికిని చేతులు నిలువవు. ఒక చిన్న ప్రోగ్రామును ఎక్కించి, డిస్కుపై ఒక ఫైలు వ్రాయించి, పునఃప్రారంభమైన పిదప అది మిగిలెనో మాయమయ్యెనో చూతును. పిమ్మట రెండవ ప్రతిని నడిపించి, కోరికలు రెంటికిని అందుచున్నవో లేదో లాగ్ ఫైళ్లలో పరిశీలింతును. ఇవి రెండును తృప్తికరముగా నున్నచో డేటాబేసును జోడించి, అటు పిమ్మట ధరల పట్టికను తెఱతును.