జెర్రిపోతుల్లో ఆడది ఉండదా?

ఈ వీడియో మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. మిరప చేను గట్టు మీద రెండు పొడవాటి పాములు మూరెడు ఎత్తు పైకి లేచి, తాడు పేనినట్టు ఒకదాన్నొకటి చుట్టుకుని ఊగుతుంటాయి. కింద క్యాప్షన్: 'సర్పాల సయ్యాట'. వెనక ఓ సినిమా పాట. కామెంట్లలో దండాలే దండాలు. ఎవరో ఒకాయన దూరం నుంచి కొత్త తువ్వాలు కూడా విసురుతాడు. దాని మీద పాములు దొర్లితే, ఆ గుడ్డ బీరువాలో పెట్టుకుంటే కలిసొస్తుందని నమ్మకం.

అంతా బాగానే ఉంది కానీ, అక్కడ జరుగుతున్నది సయ్యాట కాదు. కుస్తీ! ఆ రెండూ మగ పాములే.

జత కట్టే కాలంలో ఒకే చోట రెండు మగ జెర్రిపోతులు తారసపడితే ఇలాగే తలపడతాయి. కరుచుకోవు. ఎదుటిదాని తల నేలకు ఆనించేదాకా ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఓడినది మెల్లగా జారుకుంటుంది. నిజంగా ఆడ, మగ కలిసినప్పుడు ఇంత హడావిడి ఉండదు. ఎక్కువసేపు నేల మీదే, తోకల దగ్గర పెనవేసుకుని ఉంటాయి. అది అంత గొప్పగా కనబడదు కాబట్టి ఎవరూ వీడియో తీయరు!

పేరులోనే ఉంది పోతు

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఇంకో మాట వినిపిస్తుంటుంది. 'నాగుపాములన్నీ ఆడవి, జెర్రిపోతులన్నీ మగవి. రెండూ జత కడతాయి' అని. తప్పు పట్టలేం, పేరు అలా ఉంది మరి. దున్నపోతు, మేకపోతు అంటే మగవే కదా. అలాగే జెర్రిపోతూ మగదే అనుకున్నారు.

నిజానికి ఈ రెండూ వేర్వేరు కుటుంబాల పాములు. నాగుపాముకు విషం ఉంది, జెర్రిపోతుకు లేదు. రెండింటిలోనూ ఆడవీ ఉన్నాయి, మగవీ ఉన్నాయి. దేని జత దానిదే. జెర్రిపోతు గుడ్లు కూడా పెడుతుంది. పెట్టేది ఆడదే, పేరు మాత్రం పోతు!

ఇందులో నవ్వుకోవడానికి ఏముందిలే అనుకోవద్దు. ఈ నమ్మకం వల్ల ప్రాణాలు పోతున్నాయి. ఇంటి దగ్గర నాగుపామును కొడితే, 'దీని జోడు పగబట్టి వస్తుంది' అని చుట్టుపక్కల తిరిగే జెర్రిపోతునూ వెతికి కొట్టేస్తారు. పాములు అలా జోడీలుగా కాపురం చెయ్యవు. జత కట్టాక ఎవరి దారి వాళ్లదే. పగ పట్టేంత జ్ఞాపకమూ వాటికి లేదు. పోయింది మాత్రం ఎవరు? కల్లంలో, ధాన్యం కొట్టులో ఎలుకల్ని పట్టి తినే పాము. అంటే జీతం అడగకుండా రైతుకు పనిచేసే పాము.

తోక చెప్పే గుట్టు

మరి పాము ఆడదా మగదా ఎలా తెలుస్తుంది? కోడిపుంజుకు ఉన్నట్టు జుట్టు లేదు, సింహానికి ఉన్నట్టు జూలు లేదు. రంగును బట్టీ చెప్పలేం. చూడాల్సింది తోక.

పాముకు తోక ఎక్కడ మొదలవుతుందో తెలుసా? పొట్ట కింద, చివరి వైపు ఒక అడ్డగీత లాంటి రంధ్రం ఉంటుంది. మన స్కూలు పుస్తకాల్లో 'అవస్కరం' అని చదువుకున్నది అదే. విసర్జనకూ, సంతానానికీ అదొక్కటే దారి. దాని తర్వాత ఉన్నదే తోక.

మగ పాముకు జననాంగాలు ఒకటి కాదు, రెండు. వాటిని హెమిపీనిస్ అంటారు. మామూలు సమయంలో అవి తోక మొదట్లో, చొక్కా చెయ్యి లోపలికి తిరగేసినట్టు మడిచి ఉంటాయి. వాటికి చోటు కావాలి కాబట్టి మగదాని తోక మొదలు లావుగా, తోక పొడుగ్గా ఉండి, మెల్లగా సన్నబడుతుంది. ఆడదానికి రంధ్రం దాటగానే తోక చటుక్కున సన్నబడిపోతుంది, పొట్టిగానూ ఉంటుంది.

'చచ్చిన పాముకు కాళ్లు మొలిచాయి' అని అప్పుడప్పుడూ ఫొటోలు తిరుగుతుంటాయి కదా, అవీ ఇవే. మగ పాము మంటల్లోనో బండి కిందో పడినప్పుడు, ఆ ఒత్తిడికి రెండు అంగాలూ బయటికి వస్తాయి. చూసినవాళ్లు కాళ్లనుకుంటారు.

పిల్ల పాముతోనే చిక్కు

పెద్ద పాము అయితే తోక చూసి అనుభవజ్ఞులు అంచనా వెయ్యగలరు. జానెడు పొడుగు పిల్ల దగ్గరే అసలు తిప్పలు. ఆ వయసులో ఆడ, మగ తోకలకు తేడా అంతగా కనబడదు.

విదేశాల్లో పాముల్ని పెంచేవాళ్లు రెండు పద్ధతులు వాడతారు. ఒకటి, 'ప్రోబింగ్'. మొన నున్నగా ఉండే సన్నని లోహపు పుల్లను రంధ్రంలోంచి తోక వైపు నెమ్మదిగా పంపుతారు. అది ఎన్ని పొలుసుల లోతు వెళ్లిందో లెక్కపెడతారు. ఉదాహరణకు బాల్ పైథాన్‌లో ఆడదైతే రెండు నుంచి నాలుగు పొలుసుల దాకా వెళ్లి ఆగుతుంది. మగదైతే ఆరు, ఏడు దాటి పది దాకా వెళ్తుంది. రెండోది, 'పాపింగ్'. అప్పుడే పుట్టిన పిల్లల్లో తోక మొదలును బొటనవేలితో సుతారంగా నొక్కితే, మగదానికి రెండు ఎర్రటి మొలకల్లాంటివి బయటికొస్తాయి.

యూట్యూబ్‌లో పది సెకన్ల పనిలా కనబడుతుంది. చేత్తో చేస్తే తెలుస్తుంది, అది ఎంత సున్నితమో. కాస్త ఎక్కువ నొక్కితే లోపల చితికిపోతుంది. పుల్ల గట్టిగా పొడిస్తే చిల్లు పడి, ఇన్‌ఫెక్షన్ వస్తుంది. తోక ఎముకలు దెబ్బతిన్నా పాము అరవదు, ఏడవదు. కొన్నాళ్లకు తిండి మానేసి చచ్చిపోతుంది. పైగా పాపింగ్‌లో ఏమీ బయటికి రాలేదంటే అది ఆడదని ఖాయం కాదు. మగది బిగబట్టి ఉండొచ్చు కూడా. అందుకే ఇది పాముల వైద్యం తెలిసిన పశువైద్యుల పని.

హాని లేని దారి కూడా ఒకటుంది. విడిచిన కుబుసం! దాన్లోని డీఎన్‌ఏను పరీక్షించి, కొన్ని జాతుల్లో ఆడా మగా చెప్పే ల్యాబ్‌లు అమెరికాలో ఉన్నాయి.

పాము నుంచి హైదరాబాద్ దాకా

డీఎన్‌ఏ అన్నాం కాబట్టి మనవాళ్లు తెలుసుకోవాల్సిన కథ ఒకటి చెప్పుకోవాలి. మనుషుల్లో బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమ్‌ను బట్టి ఉంటుంది. నాగుపాము, కట్లపాము లాంటి వాటిలో ఇది తలకిందులు. అక్కడ తేల్చేది తల్లి. ఆడ పాముకు మాత్రమే 'డబ్ల్యూ' అనే క్రోమోజోమ్ ఉంటుంది. పాములన్నీ ఇంతేనని శాస్త్రవేత్తలు చాలాకాలం అనుకున్నారు. 2017లో ఒక పరిశోధన, బోవాల్లోనూ పైథాన్లలోనూ మనలాగే ఎక్స్, వై పద్ధతి ఉందని తేల్చింది.

(మన బాపట్ల తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లది మరో లెక్క. వాటికి క్రోమోజోమ్‌తో పనిలేదు. ఇసుక ఎక్కువ వేడిగా ఉంటే ఆడ పిల్లలు, చల్లగా ఉంటే మగ పిల్లలు!)

ఈ పాముల క్రోమోజోములతోనే పరిశోధన మొదలుపెట్టిన యువకుడు లాల్జీ సింగ్. బనారస్ హిందూ యూనివర్సిటీలో చదువుకుని, తర్వాత బ్రిటన్‌లోని ఎడిన్‌బరో వెళ్లారు. పసుపు, నలుపు పట్టీలుండే ఒక రకం కట్లపాములో ఆడదాని డబ్ల్యూ క్రోమోజోమ్ మీద, పదేపదే తిరిగొచ్చే డీఎన్‌ఏ వరసను గుర్తించారు. దాని పేరు బీకేఎం. అలాంటి వరసలు మనుషుల్లోనూ ఉన్నాయని, ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటాయని తేలింది.

ఆయన 1987లో హైదరాబాద్ సీసీఎంబీకి వచ్చి, ఆ పాము వరసతోనే మన దేశపు డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ పద్ధతిని తయారుచేశారు. బిడ్డకు తండ్రెవరో తేల్చే కేసుల్లో, రాజీవ్ గాంధీ హత్య కేసులో అది సాక్ష్యమైంది. 'పాము ఆడదా మగదా తెలిస్తే ఎవరికి లాభం?' అని ఆ రోజుల్లో ఎవరైనా అడిగి ఉంటే, ఇదిగో జవాబు.

పెంచుకోవచ్చా?

పొలంలో దొరికిన పిల్ల పామును సీసాలో వేసుకుని 'పెంచుకుంటా' అంటే కుదరదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నాగుపాము, జెర్రిపోతు, రక్తపింజర, కొండచిలువ లాంటి మన పాముల్ని పట్టినా, చంపినా, ఇంట్లో పెట్టుకున్నా నేరమే. జైలు, జరిమానా రెండూ ఉన్నాయి. రీల్ కోసం మెడలో వేసుకున్నా లెక్క అదే.

బాల్ పైథాన్ లాంటి విదేశీ పాములకు వేరే దారి ఉంది. అంతర్జాతీయ ఒప్పందం కింద ఉన్న జీవుల్ని పెంచేవాళ్లు కేంద్రం 2024లో తెచ్చిన నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. పిల్లలు పుట్టినా, చచ్చిపోయినా, ఇంకొకరికి ఇచ్చినా చెప్పాలి. బిల్లు, కాగితాలు లేకుండా అమ్మేవాడి దగ్గర కొన్నారంటే ఇరుక్కునేది మీరే.

ఇంకో మాట. పిల్లే కదా అని చేత్తో పట్టుకోవద్దు. రక్తపింజర గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. ఆ పిల్లలకు పుట్టిన రోజు నుంచే విషం ఉంటుంది. ఎవరినైనా కరిస్తే మంత్రం, పసరు అంటూ ఆగకుండా 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉండే ప్రభుత్వాసుపత్రికి చేర్చండి. కట్లు కట్టి బిగించొద్దు, కోయొద్దు.

ఈసారి గట్టు మీద రెండు పాములు పెనవేసుకుని కనబడితే దూరంగా నిలబడి చూడండి. వీడియో తీసుకోండి, తప్పులేదు. తువ్వాలు మాత్రం భుజానే ఉంచుకోండి. క్యాప్షన్ కూడా మార్చేయండి: 'ఇద్దరు మగాళ్ల కుస్తీ. గెలిచినవాడికి ఈ చేలో ఎలుకలన్నీ ఫ్రీ!'